ఆరోగ్యవరం: మిషన్లు కలిసి కట్టిన టీబీ ఆసుపత్రి

ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేనాటికి ప్రొటెస్టెంట్ మిషన్లు తెలుగు నేలను వాటాలు వేసుకున్నాయి. గుంటూరు లూథరన్లది, నెల్లూరు అమెరికన్ బాప్టిస్టులది, కాకినాడ కెనడా బాప్టిస్టులది, కడప లండన్ మిషన్‌ది, మెదక్ వెస్లియన్లది. ఒకరి పొలిమేరలో మరొకరు అడుగుపెట్టకూడదని ఒప్పందం. బాప్తిస్మం ఎప్పుడివ్వాలి, ప్రభుభోజనం ఎవరితో పంచుకోవాలి అన్న తగవులు సరేసరి.

అలాంటివాళ్లను ఒక్కచోట కూర్చోబెట్టింది క్షయ.

అప్పటికి దానికి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. పొడిగాలి, మంచి తిండి, నెలల తరబడి మంచం మీద విశ్రాంతి... చికిత్స అంటే ఇంతే. వినడానికి తేలికే గానీ, అందుకు ఊరికి దూరంగా విశాలమైన స్థలం, రోగులను నెలల కొద్దీ పోషించే డబ్బు, ఆ జబ్బు తెలిసిన డాక్టర్లు కావాలి. ఒక్క మిషన్ మోయగల బరువు కాదది.

మదనపల్లెలో రిఫార్మ్‌డ్ సంఘానికి చెందిన ఆర్కాటు మిషన్ డాక్టర్ లూయిసా హార్ట్ క్షయ రోగులను చూడడం మొదలుపెట్టారు. ఊరు రెండు వేల అడుగులకు పైన ఎత్తులో ఉంది, గాలి పొడిగా ఉంటుంది. ఇక్కడే పలు మిషన్లు చేతులు కలిపి 1915లో యూనియన్ మిషన్ ట్యుబర్‌క్యులోసిస్ శానటోరియం తెరిచాయి. ఆ చోటే ఆరోగ్యవరం. బాధ్యత తీసుకున్నది డేనిష్ మిషన్ డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. అంటే మొదలుపెట్టింది రిఫార్మ్‌డ్ సంఘం, నడిపింది లూథరన్!

1947లో పలు ప్రొటెస్టెంట్ శాఖలు ఏకమై దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ)గా ఏర్పడినప్పుడు ఆర్కాటు రిఫార్మ్‌డ్ వాళ్లు అందులో చేరారు, లూథరన్లు బయటే ఉండిపోయారు. ఆరోగ్యవరంలో మాత్రం ఈ రెండు వర్గాలూ అప్పటికే ముప్పై ఏళ్లుగా కలిసి పనిచేస్తున్నాయి. దైవశాస్త్రం కుదర్చలేని పొత్తును దగ్గు కుదిర్చిందనాలి.

ఇక్కడ సూపరింటెండెంటుగా పనిచేసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ తర్వాత భారత ప్రభుత్వానికి టీబీ సలహాదారు అయ్యారు. దేశంలో క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా మొదలైంది 1948లో, మదనపల్లెలోనే. ఆ టీకాను రాజాజీ అంతటివాడు గట్టిగా వ్యతిరేకించాడు. అయినా కార్యక్రమం ఆగలేదు. డాక్టర్ మోలర్ కుమారుడు యోహానెస్ ఇక్కడి చుట్టుపక్కల ఊళ్లలో ఎక్స్‌రేలు తీయించి, క్షయ జనంలో ఎలా పాకుతోందో ఏళ్ల తరబడి లెక్కగట్టాడు.

శానటోరియాల అవసరం తీరిపోవడానికి కారణం మద్రాసులో జరిగిన పరిశోధన. ఇంటిపట్టున మందులు వాడినా శానటోరియంలో ఉన్నంత ఫలితం వస్తుందని 1959లో అక్కడి కీమోథెరపీ కేంద్రం తేల్చింది. ఆరోగ్యవరం మూతపడలేదు. ఆరోగ్యవరం మెడికల్ సెంటర్‌గా పేరు మార్చుకుని, అన్ని జబ్బులకూ వైద్యం చేసే ఆసుపత్రిగా మారింది.