మలేరియా: గెలుపు తరువాతి పాఠం

మలేరియా అంటే ఇటలీ భాషలో చెడుగాలి. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ ఆ భ్రమను తొలగించాడు. రోగి రక్తం త్రాగిన ఆనాఫిలిస్ దోమ జీర్ణాశయపు గోడలో పరాన్నజీవిని చూచాడు.

1953లో మన దేశం జాతీయ కార్యక్రమంగా ఇండ్లగోడలపై డి.డి.టి. చల్లించసాగింది. అంతకుముందు ఏటా సుమారు 7.5 కోట్లుగా ఉండిన రోగుల సంఖ్య 1965 నాటికి లక్షకు దిగింది. కాని దోమలు మందుకు లొంగడం మానాయి. మనుషుల శ్రద్ధా సడలింది. 1976లో రోగులు 64 లక్షలు దాటారు.

తిరుపతికి నలుదిక్కులనుంచి యాత్రికులు వస్తారు. వారిలో ఒక్కరి రక్తంలో పరాన్నజీవి ఉన్నా, ఇక్కడి దోమ దానిని ఇతరులకు చేర్చగలదు. చిత్తూరు పల్లెల బావులు, కుంటలు, ఏటిమడుగులు అట్టి దోమలకు పుట్టినిండ్లు కాగలవు. బావులలో గంబూసియా చేపలను వదలితే అవి దోమపిల్లలను తింటాయి. వారానికొకసారి తొట్లను ఖాళీచేసి ఆరబెట్టడం, జ్వరం రాగానే రక్తపరీక్ష చేయించుకోవడం ఇంటింటా జరగవలసిన పనులు.