ఓరుగంటి వీథులు - చిత్రలేఖనాభ్యాసము

ఓరుగంటి నగరమును కన్నులకు గట్టినట్లు వర్ణించిన తెలుగు గ్రంథము క్రీడాభిరామము. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన యీ వీథినాటకము పదునైదవ శతాబ్దమునాటిది. గోవింద మంచనశర్మయు, టిట్టిభసెట్టియు ఒక దినమెల్ల నగరమున తిరుగుదురు. కోటయు, సంతయు, గుడులును, పూటకూళ్ళ యిల్లును, కోడిపందెములును వారి కన్నులబడును. ఆ పుస్తకము చదివినవారికి కాకతీయ రాజధాని వీథులు నేటికిని సజీవములు. అయితే ఆ వీథులనే రంగులలో చూడగోరువారికి ఒక్క చిత్తరువైనను మిగిలి యుండలేదు. 1323లో నగరము ఢిల్లీ సైన్యముల వశమైనప్పుడు చాల నశించినమాట నిజమే. కాని నశించుటకు పూర్వమైనను అట్టి చిత్తరువు లుండెనా యని విచారింపవలసి యున్నది.

చిత్రకారులకు కొదువ లేదు. ఓరుగంటిలో చిత్రకారుల యిండ్లు 1500 ఉండెనని ఏకామ్రనాథుని ప్రతాపచరిత్రము చెప్పుచున్నది. సంఖ్య అతిశయోక్తియే యైనను, ఆ వృత్తివారు పెక్కురుండిరనుట స్పష్టము. క్రీడాభిరామములో మాచల్దేవి చిత్రశాల ప్రశంస కలదు. ఆ గోడలపై నున్నవి దేవతల, మునుల, గోపికల శృంగార గాథలు. పిల్లలమఱ్ఱి గుడిలో మిగిలిన కాకతీయ కాలపు వర్ణచిత్రమున నున్నది అమృతమథనము. ఈ సాక్ష్యములలో వీథి యెక్కడను లేదు. చిత్రము పుణ్యము కొఱకో విలాసము కొఱకో వ్రాయబడుచుండెను. తాను నిత్యము నడచు వీథియు చిత్రార్హమే యని చిత్రకారునికి చెప్పినవారు లేరు.

కులవృత్తిగా సాగిన చిత్రవిద్యలోను ఇదియే కానవచ్చును. 2016వరకు వరంగల్లు జిల్లాలో నుండిన చేర్యాల గ్రామపు నకాషీవారు గుడ్డకు గంజియు, సుద్దమట్టియు, చింతగింజల అంబలియు పట్టించి, దానిపై కులపురాణములను చిత్రింతురు. బాలుడు పెద్దలు గీసిన గీతలలో రంగు నింపుచు ఆ విద్య నేర్చుకొనును. ఆ పటములలో రెండు స్తంభములును, వానిపై నొక తోరణమును గీసిన నది రాజమందిరము. కథకుడు పటమును విప్పి పాడునప్పుడు, దూరమున కూర్చున్న శ్రోతకు తెలియుటకు ఆ గుర్తు చాలును. ఇది అజ్ఞానము కాదు. ప్రయోజనమునకు తగిన లేఖనము. కాని ఆ గుర్తు ఏ నగరపు మందిరమునకైనను ఒక్కటియే.

నగరమును ఉన్నదున్నట్లు గీయుటకు వేరొక విద్య కావలెను. ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున ఆ విద్య రూపొందినది. దూరమునకు పోవుకొలది వస్తువులు కుంచించుకొనిపోవు క్రమమును అల్బెర్టీ 1435లో శాస్త్రముగా వ్రాసెను. వల్లభరాయడు మాటలతో నగరమును చిత్రించిన శతాబ్దముననే అచ్చట ఆ పని గీతలతో జరుగుట గమనింపదగినది. 1786 మొదలు 1793 వరకు మనదేశమున సంచరించిన థామస్ డేనియల్, విలియం డేనియల్ అను ఆంగ్లేయులు కలకత్తా వీథులను ఈ పద్ధతినే చిత్రించిరి. 1850లో మద్రాసునను, 1857లో బొంబాయిలోను చిత్రకళాశాలలు వెలసినవి. కాని అచ్చటి విద్యార్థి చిరకాలము గ్రీకు ప్రతిమల సుద్దనకళ్ళను చూచి గీయుచుండెను. చేతికి నైపుణ్యమబ్బెను, కన్ను మాత్రము స్వదేశమునకు తిరుగలేదు.

ఆ కన్నును త్రిప్పినవారిలో ముఖ్యుడు నందలాల్ బోసు. 1919లో శాంతినికేతనమున ఆరంభమైన కళాభవనములో విద్యార్థులు చెట్లక్రిందికిని, పల్లెలకును పోయి గీయుచుండిరి. ఆయన తాను పోయినచోట్లనెల్ల చిన్న కార్డులపై కంటబడినదానిని గీసెడివాడు. 1938 హరిపుర కాంగ్రెసు కొఱకు ఆయన వ్రాసిన పటములలో కనిపించువారు నిత్యము పనిపాటలు చేసికొను సామాన్యులు. ఓరుగంటి సీమలోని పెనుగొండలో 1924లో జన్మించిన కొండపల్లి శేషగిరిరావుగారు హైదరాబాదున చిత్రకళ నభ్యసించి, పిమ్మట శాంతినికేతనమునకు పోయి ఆ గురువునొద్ద నేర్చిరి. తిరిగివచ్చి తాము చదివిన కళాశాలయందే ఉపాధ్యాయులై, 2012లో పరమపదించిరి. ఈ ప్రాంతపు బాలునికి చిత్రవిద్య అందరానిది కాదనుటకు వారి జీవితమే ప్రమాణము.

ఇప్పుడు నేర్చుకొనగోరువారికి ఓరుగల్లే పాఠశాల. కోటలోని నాలుగు కీర్తితోరణములు ఇంచుమించు ఒకే యెత్తువి. ఒకదానియొద్ద నిలిచి ఎదుటిదానిని చూడుడు. అది మన బొటనవ్రేలి చాటున దాగును. చేయి చాచి, సీసపుకడ్డీని నిలువుగా బట్టి, దగ్గరిదానిని దూరపుదానిని కొలిచినచో అల్బెర్టీ సూత్రము పుస్తకము లేకయే బోధపడును. పాతవీథిలో నిలిచినప్పుడు కంటి యెత్తునకు పైనున్న చూరు దూరమగుకొలది క్రిందికి దిగును. క్రిందనున్న అరుగు పైకి లేచును. రెండును ఒక బిందువువైపునకే నడచును. 1163 నాటి వేయిస్తంభముల గుడి గోడల మూలలు మెట్లుమెట్లుగా విరిగియుండుటచే వెలుగునీడల పాఠమునకు అనుకూలము. దూరమును, ప్రతిబింబమును నేర్చుటకు భద్రకాళి చెఱువు కలదు. మొదట గీత, తరువాత నీడ, కడపట రంగు - ఈ క్రమమును తప్పరాదు. రంగుల పెట్టె ముందు కొని, గీతను తరువాత నేర్వదలచినవాడు రెంటికిని చెడును.

ఇది కాలక్షేపము కొఱకు చెప్పుమాట కాదు. తోరణమునకు రక్షకులు కలరు. 2014లో ఏర్పడిన రాష్ట్రము దానిని తన చిహ్నమున నిలిపికొన్నది. 1213 నాటి రామప్పగుడికి 2021లో ప్రపంచ వారసత్వ గౌరవము లభించినది. పెంకుటింటికి, అరుగునకు, గిలకబావికి రక్షకు లెవ్వరు? 1934లో నెలకొని, వేలకొలది కుటుంబములకు కూడుపెట్టిన ఆజంజాహి మిల్లు మూతబడినది. పనివారు గుంపులుగా వెడలివచ్చు ఆ వేళను రంగులలో నిలిపిన పటము మన యెన్ని యిండ్ల గోడలపై నున్నది? ఛాయాచిత్రములు కలవందురేమో. ఛాయాచిత్రమునకు క్షణము చాలును. గీయువాడు ఒక యింటియెదుట రెండు గంటలు కూర్చుండవలెను. ఆ రెండు గంటలలో ఆ యింటివారితో మాటకలియును, వారి కష్టసుఖములు తెలియును. పటముతోబాటు ఊరిపై మమకారమును అలవడును.

కావున గృహస్థులకు ఒక విన్నపము. బొమ్మలు గీసిన చదువు చెడునను భయమును విడువుడు. లెక్కల పుస్తకపు అంచున చూరును గీసిన బాలుని దండింపక, వానికొక తెల్లకాగితముల పుస్తకము కొనియిండు. బాలికలను మరువకుడు. వీథిలో గంటలకొలది కూర్చుండుటకు మగపిల్లవానికున్న స్వేచ్ఛ ఆడపిల్లకు మన మింకను పూర్తిగా నీయలేదు. ఆమె కిటికీనుండియు, మేడపైనుండియు ఆరంభించును గాక. తల్లియో తండ్రియో తోడుపోయి ఆమెను కోటలో కూర్చుండబెట్టవలెను. వల్లభరాయని నాటి వీథులు మాటలలోనైనను మనకు దక్కినవి. మన వీథులు మన మనుమలకు దక్కవలెనన్న వానిని చూచి గీయగల చేతులను ఇప్పుడే పెంచుకొనవలసి యున్నది.