పలక మీద మీ ముఖం

మేనా కుదుపు ఆగింది. బోయీల అడుగులు దూరమవుతున్నాయి. ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా కదలకండి. ఆఁ, ఇప్పుడు తెర తీయండి.

1892. హైదరాబాద్. చుట్టూ ఎత్తైన గోడలు. పరదా పాటించే ఆడవాళ్ల కోసం లాలా దీన్ దయాళ్ కొత్తగా తెరిచిన జనానా స్టూడియో ఇది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఫొటోలు తీసేది ఆయనే. మీ ఫొటో మాత్రం ఆయన తీయకూడదు. అందుకే ఇక్కడ కెమెరా వెనక మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లిష్ మహిళ ఉన్నారు.

ముసుగు తీస్తున్నారు. చెంపలకు గాలి తగులుతోంది. వెనక తోట ఉంది. ముట్టుకుంటే గరుకు గుడ్డ, ఎండిన రంగు. పక్కనున్న రాతి స్తంభం చెక్కది.

ఇంట్లో మగవాళ్ల ఫొటోలు గుర్తొస్తున్నాయి. కత్తి పిడి మీద చెయ్యి, విరిచిన ఛాతీ. మరి మీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలి? ఎవరూ చెప్పకముందే అవి ఒడిలోకి చేరాయి. గాజులు కనబడేలా మణికట్టు తిరిగింది. మెడ కాస్త వాలింది. గదిలో ఒక్క మగవాడూ లేడు. అయినా ఈ సర్దుకోవడమంతా ఎవరి కోసం? నన్నడిగితే, చిన్నప్పటినుంచీ మిమ్మల్ని చూస్తున్న కళ్లన్నీ మీతోపాటు మేనాలోనే వచ్చాయి.

మిసెస్ కెన్నీ-లెవిక్ కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చింది. అక్కడి మసక అద్దం మీద మీరు తలకిందులుగా కనిపిస్తారు.

బయటికొచ్చి గాజు పలక బిగించింది. ఆ ఒక్క పలక నుంచి ఎన్ని కాగితాలైనా అచ్చవుతాయి. మీ ముఖం ఎవరి పెట్టెలో ఉంటుందో, ఎవరి చేతుల్లో తిరుగుతుందో! ఈ గోడలు మీకే కాపలా, కాగితానికి కాదు.

లేచిపోవచ్చు. ఇంకా సమయం ఉంది.

ఆమె చెయ్యి లెన్సు మూత మీద ఉంది.

కళ్లు దించుతారా? ఎత్తుతారా?

మూత తీసింది.

కదలొద్దు. ఊపిరి బిగపట్టండి. రెప్ప వేయకండి.

కళ్లెత్తారు. సూటిగా. లెన్సులోకి.

మూత పడింది.

పలక చీకటి పెట్టెలోకి వెళ్లిపోతోంది. మీ చెయ్యి ముసుగు కోసం వెతుకుతోంది. ఆగండి. ఎన్ని కాపీలు తీస్తారో, ఎవరికిస్తారో అడగండి. బోయీలను పిలవకముందే అడగండి.