తూటా గుల్ల అడుగున రాసి ఉన్నది

మా తండాల్లో, గూడేల్లో చెలక దున్నేటప్పుడో చెరువు పూడిక తీసేటప్పుడో అప్పుడప్పుడు చిలుము పట్టిన ఇత్తడి గుల్ల ఒకటి బయటపడుతుంది. వేలంత పొడుగుంటుంది. ఒక కొస మూసి, ఒక కొస తెరిచి ఉంటుంది. పిల్లలు దాన్ని పెదవికి ఆనించి ఈల వేస్తారు. పాత సామాన్ల బండి వచ్చిననాడు పగిలిన చెంబుతో, విరిగిన గంటెతో పాటు అదీ తూకానికి పోతుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఇట్లా తూకానికి పోయినవాటికి లెక్క లేదు. అవి పాత తుపాకుల తూటాలు. కొన్ని మా తాతల మీద పేలినవి, కొన్ని మా తాతలు పేల్చినవి, కొన్ని దొరల వేటలో పేలినవి. ఏది ఏదో తెలుసుకునే గుర్తులు కొంతవరకు ఆ గుల్ల మీదనే ఉంటాయి. అవి చదవడం మనవాళ్ళకు రావాలని మేము ఇది రాస్తున్నాం.

రాతలో మన చరిత్ర తక్కువ. సాయుధ పోరాటం గురించిన పుస్తకాల్లో ఊళ్ళ పేర్లు, నాయకుల పేర్లు ఉంటాయి. తండా దగ్గరికి వచ్చేసరికి చాలాచోట్ల ‘కొందరు లంబాడీలు’, గూడెం దగ్గరికి వచ్చేసరికి ‘కోయలు’ అని ఒక మాటతో సరిపెడతారు. ధర్మాపురం జాటోతు ఠాను వంటి ఒకరిద్దరి పేర్లు నిలిచాయి. మిగతావాళ్ళు పెద్దమనుషుల నోట, ఆడవాళ్ళ ఏడుపు పాటల్లో ఉన్నారు. అందుకే మట్టిలో దొరికే వస్తువు మాకు కాగితంతో సమానం.

ముందు గుల్ల లేని తుపాకి సంగతి చెప్పాలి. మనవాళ్ళ చేతిలో ఎక్కువగా ఉన్నది భర్మార్. మూతి వైపు నుంచి మందు పోసి, గుడ్డపేలిక దోపి, సీసం గుండు వేసి, గజంతో కూరి పేల్చేది. గుండు దొరక్కపోతే ఇనుప ముక్కలు వేసేవాళ్ళు. ఇది పేలితే ఇత్తడి ఏదీ కింద పడదు. మట్టిలో మిగిలేది సీసం గుండు ఒక్కటే. చూడటానికి గులకరాయిలా, బూడిద తెలుపు పొర కట్టి ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే ఆ సైజు రాయికి ఉండాల్సిన దానికంటే ఎంతో బరువు. గుండ్రంగా ఉంటే పేలనిదో, మెత్తటి నేలలో దిగినదో కావచ్చు. ఒక పక్క నొక్కుకుపోయి ఉంటే గట్టిదానికి తగిలినట్టు.

దీన్నుంచి ఒక ముఖ్యమైన సంగతి తెలుస్తుంది. ఒక చోట ఇత్తడి గుల్లలు కుప్పగా దొరికాయంటే అక్కడ నిలబడి కాల్చినవాడి చేతిలో సర్కారు తుపాకి ఉన్నట్టు. భర్మార్ పట్టినవాడు తన నిలబడ్డ చోటు ఎవరికీ చెప్పడు. జనగామకు ఆనుకుని ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న ఊరివాళ్ళు బురుజు ఎక్కి నాటు తుపాకులతో, వడిసెలలతో రజాకార్లను, నిజాం పోలీసులను ఎదుర్కొన్నారు. ఆ బురుజు ఇప్పటికీ ఉంది. అటువంటి పోరు జరిగిన చోట బురుజు మీద ఏం దొరికింది, బురుజు చుట్టూ ఏం దొరికింది అని విడివిడిగా రాసుకుంటే ఎవరు ఎక్కడ ఉన్నారో తేలుతుంది. అయితే దీన్ని కొలబద్దగా పట్టుకోకూడదు. రజాకార్లలో కొత్త రకం తుపాకులు ఉన్నవాళ్ళు నాలుగో వంతేనని, మిగతావాళ్ళవి కత్తులు, భర్మార్లేనని ఒక అంచనా. మన దళాలు కూడా పోలీసుల దగ్గర లాక్కున్న రైఫిళ్ళు వాడాయి.

గుండూ మందూ ఒకే పొట్లంలో పెట్టడం కాగితంతో మొదలైంది. 1857లో సిపాయిలు పళ్ళతో కొరకమంటే తిరగబడ్డది అట్లాంటి కాగితపు తూటా గురించే. దాని కొవ్వు సంగతి మొదట పొక్కింది కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో. తర్వాత ఇత్తడి వచ్చింది. 1866లో స్నైడర్, 1871లో మార్టినీ హెన్రీ రైఫిళ్ళను బ్రిటిష్ సైన్యం తీసుకుంది. మార్టినీ తూటాలో మొదటి రకం పలచటి ఇత్తడి రేకును చుట్టగా చుట్టి చేసింది. మట్టిలో అది ముక్కలైపోతుంది. అడుగు మాత్రం వెడల్పుగా మిగులుతుంది. మా ప్రాంతంలో ఇది దొరకడం అరుదు. దొరికితే మాత్రం పాత సామానులో పడేయకండి.

మాకు దొరికేవాటిలో ఎక్కువ 303 తూటాలు. జనం నోట త్రీ నాట్ త్రీ. గుర్తుపట్టడం సులువు. గుల్ల పొడుగు 56 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాల పైన కొంచెం. సీసా లాగా పైన భుజం కట్టి మెడ సన్నబడుతుంది. అడుగున అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది, గోటికి తగులుతుంది. ఆ అంచు అడ్డం దాదాపు 14 మిల్లీమీటర్లు. అంచు బయటికి రాకుండా గాడి మాత్రమే ఉండి, పొడుగు 51 మిల్లీమీటర్లే ఉంటే అది 7.62 తూటా. ఆ రకం మన సైన్యానికి వచ్చింది 1960 తర్వాతే. దాని అడుగున ఓఎఫ్‌వీ అని ఉంటే మహారాష్ట్రలోని వరణ్‌గావ్ ఫ్యాక్టరీది, ఆ ఫ్యాక్టరీ 1964లో పెట్టింది. అది వేరే కాలం, వేరే కథ, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు. వేలి కణుపంత ఉండి, మెడ లేకుండా నిటారుగా ఉన్నది స్టెన్‌గన్ తూటా, గుల్ల 19 మిల్లీమీటర్లు.

303 గుల్లకు అడుగున చుట్టూ అక్షరాలుంటాయి. కె, ఎఫ్ అక్షరాల మధ్య పైకి చూసే బాణం ఉంటే పూనా పక్కన కిర్కీ ఫ్యాక్టరీలో తయారైంది. ఆ బాణం బ్రిటిష్ సర్కారు ఆస్తి అనే ముద్ర. ఆర్, ఎల్ మధ్య బాణం ఉంటే ఇంగ్లండులోని వూలిచ్‌ది. డీఏసీ అని ఉంటే కెనడాది. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ తూటాలు దేశాలు తిరిగాయి, కాబట్టి కెనడా తూటా కొత్తగూడ చెలకలో దొరికితే ఆశ్చర్యపోనక్కర్లేదు. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వాడు కరాచీ నుంచి రాత్రిళ్ళు విమానాల్లో నిజాం కోసం ఆయుధాలు తెచ్చి బీదర్‌లో, వరంగల్‌లో దించిన సంగతీ గుర్తుంచుకోవాలి.

అక్షరాల పక్కన ఏడు అంకె రోమన్ లిపిలో ఉంటుంది. అది ఏడో రకం తూటా, 1910లో వచ్చింది. అంతకు ముందువాటి ముక్కు మొద్దుగా ఉండేది, దీనిది కోసుగా ఉంటుంది. డమ్‌డమ్‌లో 1890లలో చేసిన, ఒంట్లో దిగాక విచ్చుకునే తూటాను 1899లో హేగ్ ఒప్పందం నిషేధించింది. ఏడో రకం దాన్ని దాటుకుని వచ్చింది. దీని ముక్కులో సీసానికి బదులు అల్యూమినియమో చెక్క పొట్టో పెట్టారు. దాంతో వెనక భాగం బరువెక్కి, ఒంట్లో దిగగానే దొర్లుతుంది. తూటా దిగిన చోట చిన్న బొక్క, బయటికి వచ్చిన చోట పెద్ద గాయం అని మా ముసలివాళ్ళు చెప్తే మేము అతిగా చెప్తున్నారనుకునేవాళ్ళం. తయారీ లెక్క చూస్తే వాళ్ళు చెప్పింది అక్షరాలా నిజం.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైన గుర్తు, సంవత్సరం. రెండంకెల్లోనో నాలుగంకెల్లోనో ఉంటుంది. 43 అని ఉంటే 1943. చాలామంది ఇక్కడే పొరపడతారు. అది తూటా తయారైన ఏడు, పేలిన ఏడు కాదు. 43 ముద్ర ఉన్న తూటా 1946లో పేలి ఉండవచ్చు, 1950లో పేలి ఉండవచ్చు, ఇంకా తర్వాత కూడా. పోలీసుల చేతిలో ఈ రైఫిలు చాలా ఏళ్ళు నిలిచింది. కానీ తయారు కాకముందు ఏ తూటా పేలదు. 49 ముద్ర ఉన్న గుల్ల 1948 సెప్టెంబరుకు ముందు పేలలేదనేది మాత్రం ఖాయం.

దీనికి ఎందుకింత బరువు ఇస్తున్నామంటే, జనగామ తాలూకా కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య చనిపోయిన నాటి నుంచి మొదలుపెట్టిన చాలా వ్యాసాలు 1948 సెప్టెంబరు 17న ముగుస్తాయి. ఆ రోజు నిజాం లొంగిపోయాడు, తుపాకులు ఆగాయి అన్నట్టు రాస్తారు. మైదానంలో ఊళ్ళకు అది కొంత నిజం. అడవికి కాదు. దళాలు పాకాల, గుండాల అడవుల్లోకి, గోదావరి గట్టు వైపు జరిగాయి. వాటి వెంట యూనియన్ సైన్యం, పోలీసులు వచ్చారు. పోరాటం విరమించింది 1951 అక్టోబరులో. ఆ మూడేళ్ళలో కోయ గూడేలను, లంబాడీ తండాలను ఖాళీ చేయించి సైనిక క్యాంపుల పక్కకు తోలారు. గూడూరు, గంగారం, బయ్యారం వైపు ముసలివాళ్ళు ‘మిల్ట్రీ వచ్చిన ఏడు’ అని లెక్కపెట్టేది దాన్నే. నిజాం పోలీసు పట్టుకున్నదీ, తర్వాత వచ్చిన సిపాయి పట్టుకున్నదీ అదే 303. గుల్ల ఆకారం చూసి వాళ్ళను విడదీయలేం. ముద్రలోని ఏడును, దొరికిన చోటును, ఆ చోటు గురించి ముసలమ్మ చెప్పిన మాటను మూడింటినీ పక్కపక్కన పెడితేనే విడదీయగలం. అందులో ఒకటి తప్పినా మేము ఏమీ తేల్చి చెప్పం.

భూపాలపల్లి వైపు, మహాదేవపూర్ అడవుల్లో, వేట తూటాలు కూడా వస్తాయి. పన్నెండు బోరు తూటాకు ఒళ్ళు కాగితం, అడుగు ఇత్తడి. కాగితం చివికిపోయి ఇత్తడి మూత ఒక్కటే మిగులుతుంది. దాని మీద 12 అంకె, కంపెనీ పేరు ఉంటాయి. ఎలే, కైనాక్ ఇంగ్లండు కంపెనీలు. శక్తిమాన్ అని ఉంటే మన దేశంలో తయారైంది, తర్వాతి కాలానిది. అధికారులు, దొరలు వేటకు వస్తే హాకా కొట్టడానికి, అంటే డప్పులతో మృగాన్ని తోలడానికి, గూడెం మగవాళ్ళు వెట్టికి పోవాల్సి వచ్చేది. పులి లేచే వైపు నిలబడేది వాళ్ళు, ఫొటోలో నిలబడేది దొర. ఆ మూతలూ దాచిపెట్టవలసినవే.

దొరికినదాన్ని ఏం చేయాలి? ముందు చూడాల్సింది అది ఖాళీదా, నిండుదా అని. మూతి తెరిచి ఉండి, అడుగున మధ్యలో చిన్న సొట్ట ఉంటే పేలినది. మూతికి గుండు ఇంకా బిగిసి ఉంటే ముట్టుకోకండి. ఎన్నేళ్ళు మట్టిలో ఉన్నా లోపలి మందు చచ్చిందని అనుకోవద్దు. రాయితో కొట్టడం, పొయ్యిలో వేయడం ప్రాణాల మీదికి తెస్తుంది. ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా నిండు తూటా దగ్గర పెట్టుకోవడం నేరం కూడా. సర్పంచును, ఇద్దరు పెద్దమనుషులను పక్కన పెట్టుకుని, ఫొటో తీసి, పోలీసులకు కబురు చేయాలి. మనవాళ్ళకు స్టేషన్ అంటే ఉండే భయం మాకు తెలుసు, అందుకే ఒంటరిగా పోవద్దంటున్నాం.

ఖాళీ గుల్లను చింతపండుతో తోమకండి. మా ఇళ్ళలో ఇత్తడి కనపడితే తోమకుండా ఉండలేరు, కానీ పులుపుకు చిలుముతో పాటు అక్షరాలు కూడా పోతాయి. మెత్తటి బ్రష్షుతో మట్టి దులిపితే చాలు. అడుగున పలచటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే ముద్ర కాగితం మీదికి దిగుతుంది. కంటికి కనపడని అంకె కూడా అట్లా ఒక్కోసారి పైకి తేలుతుంది. పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు, స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయాలి. గుల్లను కాగితపు పొట్లంలో వేసి పైన రాయాల్సినవి ఇవి: ఏ ఊరు, ఎవరి చెలక, ఏ గట్టు పక్క, ఎంత లోతు, ఏ రోజు, పక్కన ఇంకెన్ని దొరికాయి. ఆ చెలకను ముసలివాళ్ళు ఏ పేరుతో పిలుస్తారో కూడా రాయాలి, గోర్‌బోలీలో అయితే గోర్‌బోలీలో, కోయలో అయితే కోయలో, ఉన్నదున్నట్టుగా.