రావెన్నా గోడల నుంచి వియన్నా కాన్వాసు దాకా

మొజాయిక్ అనగానే మనలో చాలామందికి ఊళ్లో ఇంటి గచ్చు గుర్తుకు వస్తుంది. కానీ చరిత్రలో మొజాయిక్ అంటే బొమ్మ. రంగురాళ్లు, గాజు ముక్కలు ఒక్కొక్కటిగా పొదిగి కూర్చిన బొమ్మ. రోమన్లు దీన్ని ఎక్కువగా నేల మీద పరిచారు. బైజాంటైన్ కాలం పనివారు చర్చి గోడలనూ, కప్పులనూ దీనితో నింపేశారు.

ఇటలీలోని రావెన్నా పట్టణం ఇందుకు ప్రసిద్ధి. అక్కడి శాన్ విటాలె చర్చి 6వ శతాబ్దం నాటిది. అందులో ఎదురెదురు గోడల మీద జస్టీనియన్ చక్రవర్తి, ఆయన రాణి థియొడోరా పరివారంతో సహా నిలబడి ఉంటారు. బంగారు మెరుపు కోసం ఆనాటి పనివారు పల్చని బంగారు రేకును రెండు గాజు పొరల మధ్య ఇమిడ్చి, ఆ పలకను చిన్న చిన్న ముక్కలుగా కోసేవారు. వాటిని తడి సున్నంలో అద్దేటప్పుడు అన్నీ ఒకే మట్టంగా కాక, కొంచెం వాలుగా ఉండేలా పెట్టేవారు. అందుకే వెలుతురు కదిలినా, మనం కదిలినా గోడంతా మిలమిలలాడుతుంది. ఇంత నేర్పు చూపిన ఆ పనివారి పేర్లు మాత్రం చరిత్రకు దక్కలేదు.

1903లో వియన్నా చిత్రకారుడు గుస్తావ్ క్లిమ్ట్ (1862-1918) రెండుసార్లు రావెన్నా వెళ్లాడు. బంగారం ఆయనకు కొత్త కాదు. తండ్రి బంగారంపై నగిషీలు చెక్కే పనివాడు. 1901లో వేసిన 'జూడిత్' చిత్రంలోనే క్లిమ్ట్ బంగారు రేకు వాడాడు. మరి రావెన్నాలో ఆయనకు దొరికిందేమిటి? నా ఉద్దేశంలో, బంగారాన్ని అలంకారంగా కాక బొమ్మకు ఆవరణగా చూసే చూపు.

1907లో పూర్తయిన 'అడెలె బ్లాక్-బాయర్' చిత్రాన్ని న్యూయార్క్‌లో చూసినప్పుడు నాకు ఈ సంగతి బోధపడింది. అచ్చు పుస్తకాల్లో అది వట్టి పసుపు రంగు. ఎదురుగా నిలబడి పక్కకు ఒక అడుగు వేస్తే చాలు, వెలుగు మారిపోతుంది! చీరకు జరీలాగా కాదు, చిత్రమంతా బంగారమే. చీర ఎక్కడ, కుర్చీ ఎక్కడ, గోడ ఎక్కడ అని విడదీయడం కష్టం అన్నట్టు, ఆమె గౌనూ కుర్చీ వెనుక గోడా ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ముఖం, మెడ, చేతులు మాత్రమే ప్రాణంతో కనిపిస్తాయి. నగల బరువు మధ్య థియొడోరా ముఖం కూడా అలాగే మనవైపు చూస్తుంది. అయినా ఇది ఆ రాణి బొమ్మకు నకలు కాదు. గౌను మీది కళ్ల ఆకారాలు ఈజిప్టును తలపిస్తాయి. ముఖంలోని దిగులు ఆనాటి వియన్నాది.

ఆ తరువాత క్లిమ్ట్ బ్రస్సెల్స్‌లోని స్టోక్లె భవనపు భోజనశాలకు గీసిన రూపకల్పనలను పనివారు పాలరాయి, గాజు, బంగారంతో నిజమైన మొజాయిక్‌గా కూర్చారు. గోడ నుంచి కాన్వాసుకు వచ్చిన కళ మళ్లీ గోడకెక్కిందన్నమాట.

అడెలె చిత్రం కథ అక్కడితో ఆగలేదు. 1938లో ఆస్ట్రియా నాజీల వశమయ్యాక ఆ యూదు కుటుంబం దాన్ని కోల్పోయింది. అడెలె అన్నకూతురు కాదు, అక్కకూతురు మరియా ఆల్ట్‌మన్ అమెరికాలో స్థిరపడి, వృద్ధాప్యంలో ఆస్ట్రియా ప్రభుత్వంపై దావా వేసింది. 2004లో అమెరికా సుప్రీంకోర్టు ఆ దావా సాగవచ్చునని తీర్పిచ్చింది. 2006లో చిత్రం ఆమె కుటుంబానికి తిరిగి దక్కింది. అదే ఏడాది న్యూయార్క్‌లోని నోయె గాలరీ కోసం దాన్ని 13.5 కోట్ల డాలర్లకు కొన్నారని పత్రికలు రాశాయి.

మన పండుగలకు పిల్లలు రవివర్మ సరస్వతిని చూసి ఎంతో శ్రద్ధగా దించుతారు. చేయి తిరగడానికి అదీ అవసరమే. అయితే పాతదాన్ని దించడం ఒకటి, దాని దగ్గర నేర్చుకోవడం మరొకటి. లేపాక్షి కప్పు మీది బొమ్మలు చూపించి, "ఈ గీత ఎలా నడిచిందో చూడు, ఆ తరువాత నీకు తోచింది వెయ్యి" అని కూడా మనం వాళ్లకు చెప్పాలి. క్లిమ్ట్ చేసింది అదే. పేరు తెలియని పనివారి విద్య పదమూడు శతాబ్దాల తరువాత మళ్లీ చిగురించింది అందువల్లనే.