మగ్గాన్ని ఆపినదెవరు?

చేనేత పనివాడు ఛాందసుడనీ, కొత్త పనిముట్టంటే బెదిరిపోతాడనీ వలస పాలనాకాలం నుంచి వినవస్తున్న మాట. ఈ అపవాదును చరిత్ర బలపరచదు.

1733లో ఇంగ్లండులో జాన్ కే పేటెంటు పొందిన ఎగిరే నాడె, అనగా ఫ్లై షటిల్, ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలో తెలుగు జిల్లాలతో సహా మద్రాసు రాజధానిలో విరివిగా వ్యాపించింది. నేత వేగం పెరిగింది. ఉన్న మగ్గానికే దానిని కొద్ది ఖర్చుతో అమర్చుకోవచ్చు, ఇల్లు విడవనక్కరలేదు. కనుకనే నేతగాడు దానిని చేపట్టాడు. ఆ రోజుల్లోనే ఆల్ఫ్రెడ్ చాటర్టన్ సేలంలో నడిపించిన ప్రభుత్వ నేతశాలకు మాత్రం అతడు మనసిచ్చి రాలేదు. ఇంటిల్లిపాదీ కలిసి చేసుకునే వృత్తిని వదిలి, వేళకు వచ్చి వేళకు పోయే కూలీగా మారడం అతనికి సమ్మతం కాలేదు. ఇక 1910లో భారత వ్యవహారాల మంత్రి మార్లే, ప్రభుత్వం పరిశ్రమలు నడపరాదని మద్రాసు ప్రయత్నాలకే అడ్డుకట్ట వేశాడు. ఐరోపా వర్తకుల అభ్యంతరాలు అప్పటికే బలంగా ఉన్నాయి. ఇక్కడ ఛాందసులెవరు?

అసలు ఆటంకం ఉత్పత్తి సంబంధాలలో ఉంది. నూలు సావుకారుది, గుడ్డ సావుకారుది. నేతగాడికి మిగిలింది మజూరీ, అప్పు. పని వేగం పెరిగినకొద్దీ మజూరీ కోసే అధికారం సావుకారు చేతిలో ఉంటే, అప్పు చేసి కొత్త పనిముట్టు కొనే సాహసం ఎవరికి కలుగుతుంది?

దీనికన్నా లోతైన ఆటంకం మరొకటి ఉంది. పోచంపల్లి చిటికి నేతలో ఆసు పోయడం తరతరాలుగా స్త్రీల పని. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ కదలాలి, నాలుగైదు గంటలు పడుతుంది, భుజాలు పడిపోతాయి. ఆ శ్రమకు విడిగా కూలి లేదు. కూలి లేని శ్రమను తగ్గించడంలో పెట్టుబడికి లాభం కనబడదు. అందుకే ఆసు యంత్రం ఏ కర్మాగారం నుంచీ రాలేదు. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన నేత కుటుంబీకుడు చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి బాధ చూసి, 1992లో మొదలుపెట్టి, చిన్నచిన్న పనుల సంపాదనతో భాగాలు కొనుక్కుంటూ 1999లో దానిని పూర్తిచేశాడు. పద్మశ్రీ 2017లో వచ్చింది. ఆ ఏడేళ్లూ కొరవడింది బుద్ధి కాదు, బాసటగా నిలిచే పెట్టుబడి.

కనుక నేతగాడికి కొత్తదనం నేర్పాలని బయలుదేరేవారు ముందుగా ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: యంత్రం మిగిల్చే గంటలు ఎవరి ఖాతాలో పడతాయి? అవి నేసేవారి ఇంటికే చేరేటట్లు సహకార రుణం, నూలు, న్యాయమైన మజూరీ సమకూరిన చోట యంత్రాన్ని ఆహ్వానించడానికి నేతవాడను ఎవరూ ఒప్పించనక్కరలేదు.