‘అడ్డు’: ఒక దేశ్యపదం అర్థపరిణామం

ఆటంకాన్ని తెలిపే పదాలు తెలుగులో అనేకం. వాటిలో విఘ్నం, నిరోధం, ప్రతిబంధకం సంస్కృతసమాలు. విఘ్నానికి మూలధాతువు కొట్టడాన్ని, నిరోధానికి అడ్డగించడాన్ని, ప్రతిబంధకానికి కట్టివేయడాన్ని తెలుపుతాయి. ఈ మూడూ క్రియనుండి పుట్టిన పదాలు. దేశ్యమైన ‘అడ్డు’ తీరు వేరు. అది చర్యను కాక స్థితిని ఆశ్రయించిన పదం.

‘అడ్డము’ అనేది ‘నిలువు’కు ప్రతియోగి. అడ్డగీత, అడ్డబొట్టు, అడ్డదూలం అన్నప్పుడు ఆటంకం అనే భావన లేదు. ఉన్నది దిశ మాత్రమే. తలుపుకు వేసే అడ్డగడియలో దిశ, నిరోధం రెండూ కలిశాయి. అడ్డగించు, అడ్డుపడు, అడ్డుకొను అన్న క్రియలలో నిరోధార్థమే ప్రధానమైంది. బ్రౌన్ 1852 నాటి తెలుగు నిఘంటువులో ఈ పదానికి రెండర్థాలూ కనిపిస్తాయి. కన్నడంలోనూ ‘అడ్డ’ దిశను, ‘అడ్డి’ ఆటంకాన్ని తెలుపుతాయి. కనుక స్థితివాచకం నుండి నిరోధవాచకం ఏర్పడిందని భావించడం సమంజసం.

ఈ పుట్టుక వల్లనే ‘అడ్డు’కు స్వతహాగా మంచిచెడులు లేవు. దారికి అడ్డు, గాలికి అడ్డు, ఎండకు అడ్డు అని ఈ పదం తరచు ‘కు/కి’ ప్రత్యయాన్ని కోరుతుంది. దేనికి అడ్డు అన్నది తేలితేగాని అది దోషమో రక్షణో తేలదు. దీపానికి చేయి అడ్డుపెట్టినవాడు నిజానికి అడ్డగించినది గాలిని, కాపాడినది దీపాన్ని. ‘అడ్డూ అదుపూ లేని’ అన్న నుడికారంలో అడ్డు లేకపోవడమే దోషం. అడ్డదారి, అడ్డగోలు, అడ్డదిడ్డం వంటి మాటలలో మాత్రం సరళమార్గాన్ని తప్పడం అనే భావం నిందగా స్థిరపడింది.

సేద్యంలో ఈ సాపేక్షత మరింత స్పష్టం. కాలువకు వేసిన అడ్డుకట్ట ఎగువ రైతు పొలానికి నీటిని మళ్లిస్తుంది. దిగువ రైతుకు అదే నీటి కరువు. ఒకే కట్ట ఒకరికి ఆధారం, మరొకరికి ఆటంకం. 1847లో ఆరంభమై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరికి అడ్డుగా నిలిచిన కట్టడమే. అయినా డెల్టా జనుల స్మృతిలో అది మేలుకే గుర్తు. నేటి పత్రికాభాషలో ‘అవినీతికి అడ్డుకట్ట’ వంటి ప్రయోగం ఈ సేద్యానుభవం నుండి వచ్చిన రూపకమే.

‘అడ్డు’ను ‘ఆటంకం’ అన్న ఒక్క పర్యాయపదంతో వివరిస్తే ఈ చరిత్రలో సగం మరుగునపడుతుంది. ‘ఒక గమనానికి అడ్డంగా ఉన్న స్థితి’ అన్నదానిని మూలార్థంగా గ్రహించి, నిరోధ, రక్షణార్థాలను దాని శాఖలుగా చూపడం నిఘంటు నిర్మాణంలో ఉచితం. ఎవరి గమనానికి అడ్డు అన్న ప్రశ్నను వాడుక ఎన్నడూ విడిచిపెట్టలేదు. పదార్థ నిర్ణయం కూడా దానిని విడువరాదు.